జననాంగాల మీద పులిపిర్లు: లేజరా, క్రీమా, గడ్డకట్టించడమా? మగవారు ఎంచుకోవడం ఎలా

"లేజర్ చేయించుకుంటే ఇక మళ్లీ రావు కదా?"

జననాంగాల మీద పులిపిర్లు ఉన్నాయని తెలిసిన మగవారిలో చాలామంది మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. జవాబు సూటిగానే చెప్పాలి: రావచ్చు. లేజర్‌తో తీసినా రావచ్చు, కత్తెరతో కోసినా రావచ్చు, మందు రాసి కరిగించినా రావచ్చు. ఈ సంగతి ముందే తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది. శాశ్వతంగా పోగొట్టేది ఏది అని వెతకడం మానేసి, నాకున్న పులిపిర్లను, అవి ఉన్న చోట, తక్కువ బాధతో, తక్కువ మచ్చతో తీసేసేది ఏది అని ఆలోచించగలుగుతాం. ఎంచుకోవడానికి యంత్రం పేరు చూడకూడదు, పులిపిరిని చూడాలి. ఇక్కడ రాస్తున్నదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

మళ్లీ ఎందుకు వస్తాయి

ఈ పులిపిర్లకు కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. అందరూ హెచ్‌పీవీ అంటారు. ఇందులో 200కు పైగా రకాలు ఉన్నా, జననాంగాల మీద వచ్చే పులిపిర్లలో దాదాపు 90 శాతానికి 6, 11 అనే రెండు రకాలే కారణం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే 16, 18 రకాలు వేరు. ఈ తేడాను మొదట పట్టి చూపినవారిలో జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ ముఖ్యుడు. ఆ కృషికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. పులిపిరి కనబడగానే క్యాన్సర్ అనుకుని నిద్ర పోగొట్టుకునేవారు ఎందరో ఉంటారు. వారికి ఈ ఒక్క సమాచారమే పెద్ద మందు.

వైరస్ చర్మం అడుగు పొర కణాల్లో కాపురం పెడుతుంది. మనకు కనబడే బుడిపె పైకి వచ్చిన భాగం మాత్రమే. దాని చుట్టూ చూడటానికి మామూలుగా ఉన్న చర్మంలోనూ వైరస్ ఉంటుంది. చేలో కలుపు కోసేసినా నేలలో విత్తనాలు మిగిలి ఉన్నట్టే ఇది. ఏ చికిత్స అయినా తీసేది కనబడే కలుపునే. మిగిలిన దాన్ని అణచవలసింది మన రోగనిరోధక శక్తి. చాలామందిలో అది ఆ పని చేస్తుంది కూడా. ఎక్కువ మందిలో రెండేళ్లలోపే వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. ఈలోగా కొత్త పులిపిర్లు మొలిస్తే, అవి ఎక్కువగా చికిత్స అయిన మొదటి మూడు నెలల్లోనే మొలుస్తాయి.

ముందు, అవి పులిపిర్లేనా?

చికిత్స ఎంచుకునే ముందు దాటవలసిన మెట్టు ఇది. దీన్ని దాటకుండా నేరుగా లేజర్ గదికి వెళ్లడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

పురుషాంగం తలభాగం అంచు చుట్టూ, పూసలు గుచ్చినట్టు ఒకటి రెండు వరుసల్లో, అన్నీ ఒకే పరిమాణంలో, నున్నగా చిన్న చిన్న మొటిమల వంటివి కొందరికి ఉంటాయి. అవి జబ్బు కాదు. శరీర నిర్మాణంలో భాగం, అంటుకోవు, చికిత్స అక్కర్లేదు. పులిపిరి అలా వరుస కట్టదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, అక్కడొకటి, ఇక్కడొకటి ఉంటాయి. భూతద్దంతో చూస్తే పైభాగం గరుకుగా, చిన్న చిన్న వేళ్లు గుంపుగా లేచినట్టు, గోబిపువ్వు ముక్కలా కనిపిస్తుంది. చర్మం కింద లేత పసుపు రంగులో చుక్కల్లా కనబడేవి నూనె గ్రంథులు, అవి కూడా జబ్బు కావు. నడిమధ్య చిన్న గుంట ఉన్న నున్నటి బుడిపెలు మొలస్కం అనే మరో వైరస్ వల్ల వచ్చేవి.

జాగ్రత్తపడవలసింది మరొకటి ఉంది. సిఫిలిస్ రెండో దశలో తడిగా, చదునుగా, తెల్లబారిన గడ్డలు జననాంగాల దగ్గర, మలద్వారం దగ్గర వస్తాయి. చూడటానికి పులిపిర్లలాగే ఉంటాయి. వాటిని లేజర్‌తో కాల్చేస్తే పైకి పోయినట్టు ఉంటుంది, లోపల సిఫిలిస్ మాత్రం అలాగే సాగుతుంది. దానికి కావలసింది రక్త పరీక్ష, ఆపై పెన్సిలిన్. అందుకే పులిపిర్లతో వచ్చిన మనిషికి సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయించమని వైద్యులు అడుగుతారు. అది మీ నడవడిక మీద అనుమానం కాదు. చేయవలసిన పని.

గట్టిగా ఉన్నది, కింది కండకు అతుక్కున్నది, నల్లగా లేదా రంగు మారినది, పుండు పడినది, రక్తం కారుతున్నది, చికిత్సకు లొంగనిది కనబడితే ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈ ముక్క పరీక్ష సంగతి లేజర్ దగ్గర మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఏమీ చేయకుండా ఉండవచ్చా?

ఉండవచ్చు. పులిపిర్లు వాటంతట అవే రాలిపోవచ్చు, అలాగే ఉండిపోవచ్చు, పెరగనూవచ్చు. ఏది జరుగుతుందో ముందే చెప్పలేం. ఒకటి రెండు చిన్నవి ఉండి, వైద్యుడు చూసి పులిపిర్లేనని నిర్ధారించి ఉంటే కొన్ని నెలలు గమనించడం తప్పేమీ కాదు. కానీ చాలామంది మగవారు చికిత్స కోరేది నొప్పి వల్ల కాదు, మనసులో గుచ్చుకోవడం వల్ల. అది కూడా చికిత్సకు న్యాయమైన కారణమే.

ఇంట్లో రాసుకునే మందులు

వీటిలో గొప్ప సౌకర్యం ఏకాంతం. ఒకసారి చూపించుకుంటే మిగతాదంతా మన చేతుల్లోనే. కష్టం ఏమిటంటే క్రమశిక్షణ కావాలి, వారాల తరబడి ఓపిక కావాలి.

పొడోఫిల్లోటాక్సిన్ 0.5 శాతం ద్రావణం లేదా జెల్: కణాలు విభజన కాకుండా ఆపుతుంది. మూడు రోజులు రోజుకు రెండుసార్లు రాసి, నాలుగు రోజులు విరామం ఇవ్వాలి. ఇలా నాలుగు విడతల వరకు. రాసే చోటు మొత్తం 10 చదరపు సెంటీమీటర్లు దాటకూడదు, రోజుకు అర మిల్లీలీటరుకు మించి వాడకూడదు. పేరు దగ్గరగా ఉన్న పొడోఫిల్లిన్ రెసిన్ పాతకాలపు ముడి మందు. ఒంట్లోకి ఇంకి విషమించిన సందర్భాలు ఉండటంతో ఇప్పుడు దాన్ని సిఫారసు చేయడం లేదు. సీసా మీద పేరు పూర్తిగా చదవండి.

ఇమిక్విమోడ్ క్రీము పనిచేసే తీరు వేరు. ఇది పులిపిరిని కాల్చదు, కోయదు. చర్మంలోని రోగనిరోధక కణాలను తట్టి లేపుతుంది. 5 శాతం క్రీమును వారానికి మూడు రాత్రులు రాసుకుని, 6 నుంచి 10 గంటల తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. గరిష్ఠంగా 16 వారాలు. ఎర్రబడటం, మంట, పైపొర లేచిపోవడం మామూలే. పుండు పడితే కొన్ని రోజులు ఆపి వైద్యుడికి చూపించాలి. క్రీము కండోమ్‌ను బలహీనపరుస్తుంది కాబట్టి అది ఒంటి మీద ఉండగా కలయిక వద్దు.

ఈ క్రీము గురించి మగవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన అంకె ఒకటుంది. దీనికి అనుమతి తెచ్చిన పరీక్షల్లో పులిపిర్లు పూర్తిగా పోయినవారు ఆడవారిలో 72 శాతం, మగవారిలో 33 శాతం. అదే మందు, అంత తేడా. మగవారి పులిపిర్లు ఎక్కువగా పొడి చర్మం మీద, మందమైన పైపొర కింద ఉండటం ఇందుకు ఒక కారణం. మందు లోపలికి ఇంకదు. సున్తీ కాని వారిలో ముందరి చర్మం కింద తడిగా ఉండే చోట ఇదే క్రీము మెరుగ్గా పనిచేస్తుంది. అయితే అక్కడే వాపు వచ్చి చర్మం వెనక్కి రాకుండా బిగుసుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి పలుచగా రాయాలి, రోజూ శుభ్రం చేసుకోవాలి.

గ్రీన్ టీ ఆకుల సారంతో చేసే 15 శాతం సైన్‌కేటకిన్స్ లేపనం మూడోది. రోజుకు మూడుసార్లు, 16 వారాల వరకు. బట్టలకు మరక అంటుతుంది. హెచ్‌ఐవీ వంటి కారణాలతో రోగనిరోధక శక్తి తగ్గినవారికి దీన్ని సూచించరు.

కాలి మీది ఆనెలకు, చేతి మీది పులిపిర్లకు దుకాణాల్లో దొరికే శాలిసిలిక్ ఆమ్లం మందులు ఇక్కడ రాయకూడదు. వెల్లుల్లి, వెనిగర్, సున్నం వంటివీ వద్దు. జననాంగాల చర్మం పలుచన. పులిపిరి ఉండగానే చుట్టూ చర్మం కాలిపోతుంది, ఆ తర్వాత ఏ చికిత్స చేయాలన్నా ముందు ఆ పుండు మానేదాకా ఆగాలి.

వైద్యుడి చేతుల మీదుగా: గడ్డకట్టించడం, ఆమ్లం, కోత

గడ్డకట్టించడానికి వాడేది ద్రవ నత్రజని, దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 డిగ్రీలు. దూది చుట్టిన పుల్లతో గానీ సన్నని ధారతో గానీ పులిపిరి మీద పెడితే, కొన్ని సెకన్లలో అది తెల్లని మంచు ముద్దలా మారుతుంది. చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల చర్మం కూడా తెల్లబడేదాకా ఉంచి వదిలేస్తారు. కరిగేటప్పుడు చురుక్కుమంటుంది. తర్వాత పొక్కు లేచి, ఎండి, రాలుతుంది. చాలామందికి మత్తు అవసరం ఉండదు. పొగ రాదు. ఒక్కసారితో అరుదుగా పూర్తవుతుంది. వారం, రెండు వారాల తేడాతో కొన్నిసార్లు వెళ్లాలి. నల్లని చర్మం ఉన్నవారికి ఆ చోట తెల్లమచ్చ మిగిలే అవకాశం ఉంది.

ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం 80 నుంచి 90 శాతం గాఢతతో వాడతారు. తాకిన చోట పంచదార పూసినట్టు తెల్లని పూత తేలుతుంది, ఆ గుర్తు చూసే ఆపుతారు. ఇది నీళ్లలా జారిపోయే ద్రవం. పక్క చర్మం మీదికి పాకితే అదీ కాలుతుంది. మంట ఎక్కువైతే సబ్బు నీళ్లతో గానీ వంట సోడాతో గానీ విరుగుడు చేస్తారు. తడి చోట్ల ఉన్న చిన్న పులిపిర్లకు బాగుంటుంది. సాధారణంగా వారానికొకసారి.

కత్తెరతో లేదా బ్లేడుతో చర్మం మట్టానికి కోసేయడం పాత పద్ధతే. అంతమాత్రాన తక్కువది కాదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఒక్క పూటలో తీసేయవచ్చు, రక్తం కారే చోట విద్యుత్తు వేడితో కాల్చి మూసే కాటరీ తగిలిస్తారు. దీనికి లేజర్‌కు లేని ఒక గుణం ఉంది: కోసిన ముక్క చేతిలో ఉంటుంది, ప్రయోగశాలకు పంపవచ్చు.

ఇక లేజర్

పులిపిర్లకు ఎక్కువగా వాడేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో కుమార్ పటేల్ అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టారు. దీని కిరణం 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గలది, కంటికి కనబడదు. నీరు దాన్ని గట్టిగా పీల్చుకుంటుంది. చర్మ కణాల్లో ఎక్కువ భాగం నీరే కదా. కిరణం తగలగానే ఆ నీరు మరిగి కణం ఆవిరైపోతుంది. చిన్న రక్తనాళాలు ఆ వేడికే మూసుకుపోతాయి, అందుకే రక్తం పెద్దగా కారదు.

గదిలో జరిగేది ఇలా ఉంటుంది. ముందు మత్తు క్రీము, ఆపై సన్నని సూదితో మత్తు ఇంజెక్షన్. ఎక్కువ చోట ఉంటే వెన్నులో మత్తు లేదా పూర్తి మత్తు. నిజానికి ఆ పూటంతటిలో నొప్పి తెలిసేది ఆ సూది దగ్గరే. చుట్టూ తడి బట్ట కప్పుతారు, కిరణం పక్కకు తగిలితే ఆ తడే దాన్ని ఆపుతుంది. మీ కళ్లకు, గదిలోని అందరి కళ్లకు అద్దాలు పెడతారు. కిరణం తగిలిన చోట పులిపిరి తెల్లబడి, బుడగలు లేచి, నల్లగా మాడుతుంది. ఆ మసిని తడి గాజుగుడ్డతో తుడిచి, కింద ఏముందో చూసి, మళ్లీ ఒక పొర. ఇంకా గరుకు మిగిలిందా, నున్నటి మామూలు చర్మపు అడుగు కనబడిందా అని ప్రతి పొరకూ చూడాలి. పురుషాంగం చర్మం కింద కొవ్వు పొర లేదు. ఒక పొర ముందే ఆపితే పులిపిరి మిగులుతుంది, ఒక పొర లోతుకు పోతే మచ్చ మిగులుతుంది. లేజర్ ఫలితమంతా ఈ ఆపడంలోనే ఉంది. అందుకే యంత్రం ఎంత కొత్తది అన్నదానికంటే, ఆ చేయి జననాంగాల మీద ఎంత పనిచేసింది అన్నది ముఖ్యం. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి.

పొగ సంగతి కూడా అడగాలి. లేజర్ పొగలో హెచ్‌పీవీ డీఎన్‌ఏ ఉంటుంది. రోగుల పులిపిర్లను లేజర్‌తో తీసే ఒక శస్త్రవైద్యుడికి స్వరపేటికలో పులిపిర్లు వచ్చిన సంగతి 1991లో వైద్య పత్రికలో నమోదైంది. కాల్చే చోటికి దగ్గరగా పొగ పీల్చే గొట్టం, గదిలోని వారికి ఎన్95 వంటి మాస్కులు ఉండాలి. కాటరీ పొగకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పొగ పీల్చే యంత్రం లేని చోట లేజర్ చేయించుకోవద్దన్నది నా గట్టి మాట. సిబ్బంది ప్రాణానికి విలువ ఇవ్వని చోటు మన చర్మానికి ఇస్తుందని ఎలా నమ్మగలం?

తర్వాతి రోజులు. మొదటి రెండు మూడు రోజులు వాపు, రసి, మంట. మూత్రద్వారం దగ్గర చేసి ఉంటే మూత్రం పోసేటప్పుడు చురుకు. రోజూ నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, పెట్రోలియం జెల్లీ లేదా వైద్యుడు చెప్పిన లేపనం రాయాలి. చిన్నవి రెండు వారాల్లో, ఎక్కువ చోట చేసినవి నాలుగు వారాలు, అంతకు కొంచెం పైన మానుతాయి. పూర్తిగా మానేదాకా కలయిక, హస్తప్రయోగం వద్దు. వాపు రోజురోజుకు పెరిగినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, మూత్రం ధార సన్నబడినా వెంటనే వెళ్లాలి. రంగు తగ్గడం లేదా నల్లబడటం, మచ్చ, మూత్రద్వారం ఇరుకవడం, ముందరి చర్మం బిగుసుకోవడం లేజర్‌తో రాగల ఇబ్బందులు. మంచి చేతిలో తక్కువ, కానీ సున్నా కాదు.

"నూటికి నూరు శాతం ఫలితం" అని ప్రకటనల్లో కనబడినప్పుడు ఆ అంకె ఏ రోజుదో ఆలోచించండి. లేజర్ గది నుంచి లేచేసరికి కనబడే పులిపిర్లు దాదాపు అన్నీ పోతాయి, అది నిజమే. ఆ రోజు లెక్క కడితే ఏ చికిత్సా దీనికి సాటి రాదు. కానీ అడగవలసింది మూడు నెలలు, ఆరు నెలల తర్వాతి లెక్క. అక్కడికి వచ్చేసరికి లేజర్‌కు, కోతకు, మిగతా పద్ధతులకు మధ్య అంతరం బాగా తగ్గిపోతుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు కూడా అన్నిటికంటే మేలైన ఒకే చికిత్స అంటూ దేన్నీ చూపలేదు. ఎక్కువ సంఖ్యలో ఉన్నవాటికి, మూత్రనాళం లోపలివాటికి, ఇతర చికిత్సలకు లొంగనివాటికి కార్బన్ డయాక్సైడ్ లేజర్, శస్త్రచికిత్స ఉపయోగపడవచ్చని మాత్రం చెబుతాయి.

లేజర్ అంటే ఒకటే కాదని కూడా తెలుసుకోండి. పల్స్‌డ్ డై లేజర్ 585 నుంచి 595 నానోమీటర్ల కిరణంతో రక్తంలోని హిమోగ్లోబిన్‌ను వేడెక్కించి, పులిపిరికి రక్తం అందించే నాళాలను మూసేస్తుంది. పుండు పడదు, కమిలినట్టు ఊదా మచ్చ వచ్చి పోతుంది, కానీ చాలాసార్లు వెళ్లాలి. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ కిరణం ఇంకా లోతుకు వెళ్లి కణజాలాన్ని ఉడికిస్తుంది. "లేజర్ చేస్తాం" అని ఎవరైనా అంటే, ఏ లేజర్ అని అడగడం మీ హక్కు.

మరో మాట, ముక్క పరీక్ష గురించి. లేజర్ పులిపిరిని ఆవిరి చేస్తుంది, పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. అందువల్ల కొద్దిగా అనుమానం ఉన్నా కాల్చడానికి ముందే ముక్క తీయించాలి. తర్వాత తీయించడం సాధ్యం కాదు.

మీ పులిపిరిని బట్టి

పురుషాంగం దండభాగం మీద మూడు నాలుగు చిన్నవి ఉంటే నేనైతే గడ్డకట్టించడం దగ్గరే మొదలుపెట్టమంటాను. ఇంత కొద్దిపాటికి లేజర్ తీసుకురావడం అతి. మత్తు, మానే సమయం, మచ్చ భయం, ఖర్చు అన్నీ అనవసరంగా మీద పడతాయి. చేతితో అందే చోట, కంటికి కనబడే చోట ఉంటే, మీకు ఓపిక కూడా ఉంటే పొడోఫిల్లోటాక్సిన్ కూడా మంచి ఆరంభమే.

ముందరి చర్మం కింద తడిగా, చిన్నవిగా, చాలా ఉంటే క్రీము లేదా ఆమ్లం. అక్కడ లేజర్ చుట్టూరా చేస్తే మానేటప్పుడు చర్మం బిగుసుకునే భయం ఉంది, కాబట్టి చేయవలసి వచ్చినా ఒకేసారి వలయంలా కాకుండా విడతలుగా చేస్తారా అని అడగండి.

ఏళ్లుగా ఉన్నవి, పొడిగా గట్టిపడినవి, గోబిపువ్వులా గుత్తులు కట్టినవి వేరే కథ. క్రీములు వీటి పైపొర దాటలేవు. నెలల తరబడి రాసి విసిగిపోయి వచ్చేవారిలో చాలామందికి ఉండేవి ఇవే. వీటికి కోత గానీ లేజర్ గానీ నేరుగా చేయించడమే మేలు. కొన్నే పెద్దవి అయితే కోత, చాలా చోట్ల పరుచుకుని ఉంటే లేజర్. కాడ సన్నగా ఉండి వేలాడేదైతే కత్తెర ఒక్క నిమిషంలో తీసేస్తుంది.

మూత్రద్వారం అంచున ఉన్నదాని అడుగు కనబడాలి. కనబడితే గడ్డకట్టించవచ్చు, కోయవచ్చు. లోపలికి సాగి ఉంటే మూత్రవ్యాధుల నిపుణుడు గొట్టంతో చూసి తేల్చాలి. లేజర్‌కు నిజంగా చోటున్న సందర్భాల్లో ఇదొకటి, అయితే ఆ చోట అనుభవం ఉన్న చేతిలోనే. రాసుకునే మందులు మూత్రనాళం లోపల వేయకూడదు.

మలద్వారం చుట్టూ పులిపిర్లు మలద్వార సంభోగం లేనివారికీ వస్తాయి, కాబట్టి అవి ఉన్నాయని ఎవరూ ఎవరి గురించీ ఏదీ ఊహించుకోనక్కర్లేదు. పైన ఉంటే లోపల కూడా ఉన్నాయేమో చిన్న గొట్టంతో చూడాలి. పైవి మాత్రమే కాల్చి లోపలివి వదిలేస్తే పని సగమే అయినట్టు. లోపలివాటికి ఆ భాగపు శస్త్రవైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

జననాంగాల చుట్టూ జుట్టున్న చోట చెదురుమదురుగా ఉంటే ముందు క్షౌరం ఆపండి. బ్లేడు వేసిన ప్రతి గీతా వైరస్‌కు దారి. ఆపకుండా లేజర్ చేయించుకుంటే పక్కనే కొత్తవి మొలిచే అవకాశం ఉంది. పెరిగి పెరిగి చర్మాన్ని తొలుచుకుపోయే భారీ పులిపిరిని 1925లో వర్ణించిన వైద్యులు బుష్కె, లోవెన్‌స్టీన్‌ల పేరుతో పిలుస్తారు. అది అరుదు. దానికి ముందు ముక్క పరీక్ష, తర్వాత శస్త్రచికిత్స.

హెచ్‌ఐవీ ఉన్నవారికి, అవయవ మార్పిడి మందులు వాడేవారికి ఏ చికిత్సకైనా స్పందన తక్కువ, తిరగబెట్టడం ఎక్కువ. ఇక్కడ ఒక్క దెబ్బతో పోగొట్టాలనే పంతం కంటే, పలుమార్లు చేయవలసి వస్తుందని ముందే సిద్ధపడి మచ్చ పడని పద్ధతి ఎంచుకోవడం తెలివైన పని. మధుమేహం అదుపులో లేకపోతే లేజర్ పుండు మానడం ఆలస్యమవుతుంది. వాయిదా వేయగల చికిత్స ఇది, ముందు చక్కెరను దించుకోండి. గాయాలు ఉబ్బి మచ్చలు కట్టే శరీరమైతే ఆ మాట మొదటి రోజే చెప్పాలి.

ఇంకొకటి వైద్య పుస్తకాల్లో తక్కువగా కనబడేది: మీ రోజువారీ జీవితం. వారం వారం క్లినిక్‌కు రాగలవారికి గడ్డకట్టించడం నప్పుతుంది. దూరాన పనిచేసేవారికి, నెలకొక్కసారి సెలవు దొరకడమే గగనమైన వారికి ఒకే పూటలో అయిపోయే కోత లేదా లేజర్ నిజంగా మేలు చేస్తుంది. బరువులు ఎత్తే పని, రోజంతా వాహనం నడిపే పని అయితే ఆ రెండు నుంచి నాలుగు వారాల మానే సమయాన్ని కూడా లెక్క వేసుకోవాలి. ఏది మొదలుపెట్టినా, పూర్తి విడత వాడాక చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే పద్ధతి మార్చమని అడగండి. అదే మందును ఏడాది పొడవునా రాస్తూ ఉండటం వల్ల చర్మం పాడవడం తప్ప ఫలితం ఉండదు.

లేజర్ తర్వాత ఇమిక్విమోడ్ రాయించే వైద్యులు ఉన్నారు. మిగిలిన వైరస్‌ను అణచాలనే ఆలోచన బాగానే ఉంది. దానికి ఆధారాలు మాత్రం పరిమితం. రాస్తే పుండు పూర్తిగా మానాకే రాయాలి.

భాగస్వామి, టీకా

వైరస్ సోకిన తర్వాత పులిపిరి కనబడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు కూడా. ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో తేల్చే పరీక్ష లేదు. అందువల్ల ఇంట్లో ఈ మాట బయటపడినప్పుడు దాన్ని నమ్మకద్రోహానికి రుజువుగా తీసుకోవడం అన్యాయం. భార్య లేదా భాగస్వామి ఒకసారి చూపించుకుంటే మంచిది. గర్భాశయ ముఖద్వార పరీక్ష ఆమె వయసుకు తగినట్టు మామూలుగా ఎప్పుడు చేయించుకోవాలో అప్పుడే చేయించుకుంటే చాలు, మీ పులిపిర్ల వల్ల అదనంగా అక్కర్లేదు. కండోమ్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, కానీ అది కప్పని చర్మం నుంచి వైరస్ అంటుతుంది.

టీకా ఉన్న పులిపిర్లను పోగొట్టదు. ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుంది. 6, 11 రకాలు ఉన్న నాలుగు రకాల టీకా 2006లో, తొమ్మిది రకాల టీకా 2014లో అనుమతి పొందాయి. 16, 18 మాత్రమే ఉన్న టీకా పులిపిర్లను ఆపదు, అందుకే ఏ టీకా అన్నది అడిగి తెలుసుకోవాలి. బాలికలకు 2007లో, బాలురకు 2013లో ఈ టీకాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన ఆస్ట్రేలియాలో యువతలో పులిపిర్లు బాగా తగ్గిపోయాయి. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల పిల్లలు, అబ్బాయిలైనా సరే, ఉంటే వైద్యుడిని అడగడానికి ఇదే తగిన సమయం. ధూమపానం ఉన్నవారు ఈ అవకాశంలో మానేస్తే మంచిది. పొగతాగేవారిలో పులిపిర్లు ఎక్కువగా వస్తాయి.

చికిత్స అయ్యాక

చర్మం మానిన రోజున క్యాలెండర్‌లో మూడు నెలల తర్వాతి తేదీ గుర్తు పెట్టుకోండి. ఈలోగా రెండు వారాలకోసారి, మంచి వెలుతురులో, చిన్న అద్దం పట్టుకుని, ముందరి చర్మం కింద, దండం అడుగున, వృషణాల సంచి మడతల్లో నిదానంగా చూసుకోండి. మచ్చ గులాబీ రంగులో నున్నగా ఉంటే అది మానుతున్న చర్మం. వేలికి గరుకుగా, ఆవగింజంత తగిలితే అది కొత్త పులిపిరి కావచ్చు. అంత చిన్నప్పుడు వెళితే లేజర్ మళ్లీ అక్కర్లేదు, కొద్ది సెకన్ల ద్రవ నత్రజనితోనే పోవచ్చు.